పాలసీ సంగతి సరే, ముందు మీటర్ బోర్డు చూడండి: వన్‌టౌన్ వర్తక సంఘాలకు బహిరంగ లేఖ

విజయవాడ వన్‌టౌన్ వర్తక సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారాలతో,

మన వీధుల్లో షాపులన్నిటికీ కలిపి ఒకేసారి ఇన్సూరెన్స్ చేయిద్దామన్న మాట ఈమధ్య గట్టిగా వినపడుతోంది. షాపుకింతని వసూలు చేసి, అందరి తరఫునా బేరమాడితే ప్రీమియం తగ్గుతుందని ఆలోచన. దానికి అడ్డం పడాలని ఈ ఉత్తరం రాయడం లేదు. పాలసీ ఉండాల్సిందే. కాకపోతే ఆ వసూలు చేసే డబ్బులో మొదటి ఖర్చు పాలసీ కాకూడదని నా మనవి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

నేను ఈ వీధుల్లో లెక్కలు రాసుకునే గుమాస్తాని. కిరాణా హోల్‌సేలు, బట్టలు, స్టీలు సామాన్లు, ప్లాస్టిక్, ఒకటి రెండు మందుల షాపులు. రోజంతా ఆ బిల్లులతోనే గడుస్తుంది. లాభం ఎక్కడి నుంచి వస్తోందో ఓనర్లకు నాకంటే బాగా తెలుసు. పోయేది ఎక్కడ పోతోందో మాత్రం నాకు ముందు తెలుస్తుంది. మార్చి నెలాఖరుకి పుస్తకంలో స్టాకుకీ, షాపులో ఉన్న స్టాకుకీ పొంతన కుదరనప్పుడు "ఏదోటి చేసి సర్దేయవయ్యా" అనేది నాతోనే కదా.

అలా సర్దిన తేడాలు ఇన్నేళ్లలో చాలా చూశాను. వాటిలో నిప్పంటుకున్న షాపు, గోడకి కన్నం పడిన గోడౌన్ అరుదు. ఎక్కువ భాగం ఎలుకలు కొట్టిన బస్తాలు, నేల చెమ్మకి ముద్దకట్టిన పంచదార, అటక మీద మర్చిపోతే డేటు దాటిపోయిన డబ్బాలు, కాటా దగ్గర చేజారిన గ్రాములు, లారీలో చిరిగి వచ్చిన మూటలు, వసూలు కాని అరువులు. విడివిడిగా చూస్తే ఏదీ బాధపడేంత పెద్దది కాదు. అందుకే ఎవరూ పట్టించుకోరు.

వీటిలో ఏ ఒక్కదానికీ మీరు తీసుకోబోయే పాలసీ పైసా ఇవ్వదు. ఏజెంటు చెప్పడని కాదు, మనం అడగం. మామూలు ఫైర్ పాలసీ నిప్పుకీ, పిడుగుకీ, తుపానుకీ, వరదకీ, అల్లర్లకీ వర్తిస్తుంది. చెమ్మకీ, పురుగుకీ, పాతబడిపోవడానికీ వర్తించదు. దొంగతనం పాలసీ వేరే తీసుకోవాలి. అది కూడా తాళం పగలగొట్టో, షట్టర్ వంచో, బలవంతంగా లోపలికి వచ్చినట్టు గుర్తులుంటేనే పనికొస్తుంది. పట్టపగలు కౌంటర్ ముందు నిలబడి చీర సంచిలో వేసుకుపోతే దానికి రాదు. స్టాకు లెక్కపెట్టినప్పుడు తేలిన తరుగుకి అసలే రాదు. కరెంటు విషయం ఇంకా విచిత్రం. షార్ట్ సర్క్యూట్‌తో ఏసీ కాలిపోతే మామూలుగా ఆ ఏసీకి డబ్బు రాదు. ఆ మంట పక్కనున్న బట్టలకి అంటుకుంటే ఆ బట్టలకి వస్తుంది.

దీని మీద జీఎస్టీ పోటు ఒకటి. పోయిన సరుకు, పాడైన సరుకు, దొంగలెత్తుకెళ్లిన సరుకు కొన్నప్పుడు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ (కొన్నప్పుడు కట్టి, మన పన్నులోంచి తగ్గించుకునేది) తిరిగి కట్టాలి. చట్టంలో 17(5) సెక్షన్‌లోనే ఉంది. అంటే లక్ష రూపాయల సరుకు పాడైతే పోయేది లక్షే అనుకోకండి, 18 శాతం సరుకైతే ఇంకో 18 వేలు వెనక్కి కట్టాలి. ఈ మాట చెప్పినప్పుడల్లా ఓనర్లు నావైపు నేనేదో ఆ చట్టం చేసినట్టు చూస్తారు.

వెయ్యి రూపాయలు పోతే వెయ్యే పోయిందని మన లెక్క. వ్యాపారంలో అలా లెక్కేస్తే తప్పు. రూపాయికి ఐదు పైసలు మిగిలే షాపులో పోయిన వెయ్యి రూపాయలు తిరిగి రావాలంటే 20 వేల రూపాయల సరుకు అదనంగా అమ్మాలి. హోల్‌సేలు కిరాణాలో నూటికి రెండు మిగిలితే గొప్ప. అక్కడైతే 50 వేల సరుకు అమ్మాలి. ఎలుక కొట్టిన ఒక్క కందిపప్పు బస్తా కోసం ఎన్ని బస్తాలు కాటా ఎక్కించి దించాలో ముఠా కూలీలని అడిగితే చెబుతారు.

కాటా మాట వచ్చింది కాబట్టి అక్కడే కాసేపు ఆగుతాను. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలని అందరికీ తెలుసు. ముద్ర వేయించేది తనిఖీకి వచ్చేవాళ్ల కోసమని అనుకుంటాం. నిజానికి మన కోసం కూడా. కిలోకి పది గ్రాములు ఎక్కువ పోయేలా కాటా తప్పిందనుకోండి. 50 కిలోల బస్తాని చిల్లరగా అమ్మేసరికి అరకిలో ఉచితంగా వెళ్లిపోయినట్టే. కిలో 120 రూపాయల పప్పైతే బస్తాకి 60 రూపాయలు. దాని మీద వచ్చే లాభమే అంతంత మాత్రం. కొనేవాడు తూకం తక్కువైతే గొడవ పెట్టుకుంటాడు, ఎక్కువైతే చక్కగా నవ్వి వెళ్తాడు. అందుకే సరుకు ఎక్కువిచ్చే కాటా ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది. దీనికి మందు చాలా చిన్నది. ముద్ర ఉన్న కిలో రాయి ఒకటి గల్లాపెట్టె పక్కన పెట్టుకుని, రోజూ షట్టర్ ఎత్తగానే ఒకసారి కాటా మీద పెట్టి చూడటం. నేను లెక్కలు రాసే ఒక పప్పుల షాపులో ముసలాయన దేవుడికి అగరొత్తి వెలిగించాక చేసే రెండో పని అదే.

ఇక అసలు విషయానికి వస్తాను. కాటా, అరువు, డేటు దాటడం, ఇవి ఎవరి షాపులో వాళ్లు చూసుకోవాల్సినవి. సంఘం వచ్చి చేసేదేం లేదు. కానీ మన నష్టాల్లో పెద్ద వాటా అలాంటిది కాదు. వన్‌టౌన్‌లో షాపుకీ షాపుకీ మధ్య ఒకటే గోడ. కొన్నిచోట్ల ఆ గోడా ఉండదు, ప్లైవుడ్ చెక్కే. ఒకే మెట్ల కింద పది మీటర్లు, ఒకే పక్క కాలువలోకి పాతిక షాపుల నీళ్లు. ఇక్కడ పక్కవాడి నిర్లక్ష్యం మన నష్టం, మన నిర్లక్ష్యం పక్కవాడి నష్టం. ఇన్సూరెన్స్ ఎవరికి వాళ్లు కూడా కొనుక్కోవచ్చు. పక్కవాడి వైరింగ్ బాగుచేయించే అధికారం మాత్రం ఎవరికీ విడిగా లేదు. అది సంఘానికి ఒక్కదానికే సాధ్యం. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

ఎలుకల సంగతే తీసుకోండి. ఒక షాపులో మందు పెడితే అవి చావవు, పక్క షాపుకి వెళ్తాయి. అక్కడ మందు పెట్టే వేళకి మళ్లీ ఇటొస్తాయి. షట్టర్ కింద చిటికెన వేలు దూరే సందు ఉంటే చిట్టెలుకకి అది సింహద్వారమే. పందికొక్కులు పాత కాలువ తూముల్లోంచి నేల తొలుచుకుని వస్తాయి. వీధంతా ఒకే వారంలో, ఒకే మనిషితో, తూములకి జాలీ వేయించి, షట్టర్ల కింద రబ్బరు పట్టీ కొట్టించి, కన్నాలు గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయిస్తే తప్ప ఈ సమస్య తీరదు. తలా కొంచెం మందు పెట్టుకోవడమంటే ఒకరి ఎలుకల్ని ఒకరికి పంచిపెట్టుకోవడమే. పైగా అవి కొరికేది బస్తాలొక్కటే కాదు. వైర్లు కూడా కొరుకుతాయి. అక్కడి నుంచే అసలు భయం.

మీరు దయచేసి ఒక్కసారి మన పాత కాంప్లెక్సుల్లో ఏదో ఒకదాని మెట్ల కిందకి టార్చిలైటు పట్టుకుని వెళ్లండి. నేను బిల్లుల కోసం రోజూ వెళ్లే ఒక చోటు చెబుతాను. చెక్క పలక మీద మీటర్లు వరసగా ఉంటాయి. పలక పైభాగం నల్లబడి ఉంటుంది. ఒక మీటరు నుంచి మూడు షాపులకి వైర్లు పోతున్నాయి, వాటి అతుకులు టేపు చుట్టి వదిలేశారు. ఆ టేపు వేడికి కరిగి జిగురుగా కారి ఎండిపోయింది. సరిగ్గా ఆ బోర్డు కింద ఖాళీ అట్టపెట్టెలు, బట్టల మూటల మీద నుంచి తీసిన ప్లాస్టిక్ కవర్లు, ఒక విరిగిన కుర్చీ. ఆ పక్కనే మంటలార్పే సిలిండర్ ఉంది. సిలిండర్ ముందు మరో నాలుగు అట్టపెట్టెలు ఉన్నాయి. దాని ముల్లు పచ్చ గీత దాటి ఎప్పుడో ఎరుపులోకి వెళ్లిపోయింది.

ఆ బోర్డు ఎలా ఆ స్థితికొచ్చిందో నాకు ఎలక్ట్రీషియన్లు చెప్పారు. లైట్లు, ఫ్యాన్ల కోసం ఎప్పుడో ఒకటిన్నర ఎంఎం వైరు వేశారు. తర్వాత అదే వైరు మీద ఏసీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, బోర్డు లైటింగ్ వచ్చింది. లోడు పెరిగి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చి) పడిపోవడం మొదలైంది. ఎంసీబీ పడుతోందంటే అది తన పని తాను చేస్తోందని అర్థం, వైరు మోయలేకపోతోందని చెబుతోంది. మనవాళ్లు ఆషాఢం సేల్ మధ్యలో ఆ టెన్షన్ ఎందుకని 16 ఆంపియర్లది తీయించి 32 వేయించారు. అప్పటి నుంచి ఎంసీబీ పడలేదు. వేడెక్కేది ఇప్పుడు వైరే.

న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) సంగతి ఇంకొకటి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ స్క్రూ వదులై ఊడిపోతే, 230 వోల్టులు రావాల్సిన షాపులోకి ఒక్కసారిగా 400 దాకా రావచ్చు. అప్పుడు ఒక్క క్షణంలో టీవీ, ఫ్రిజ్, బిల్లింగ్ కంప్యూటర్, కెమెరా డబ్బా అన్నీ పోతాయి. ఇది ఒక షాపులో స్క్రూ బిగించకపోవడం వల్ల ఐదు షాపుల్లో జరిగే నష్టం. పైన చెప్పాను కదా, ఆ వస్తువులకి మామూలు ఫైర్ పాలసీ ఆదుకోదు. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ ఒకాయన క్లాంప్ మీటరు పట్టుకుని బోర్డు దగ్గర గంట కూర్చుంటే ఏ వైరు ఎంత మోస్తోందో, ఏ స్క్రూ వదులుగా ఉందో తేలిపోతుంది. మనుషులకి షాక్ కొట్టకుండా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉండాలి. దాని మీద టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలని ఎందరికి తెలుసు? చాలా షాపుల్లో ఆ బటన్ ముందు దేవుడి పటం ఉంటుంది.

ఈ తనిఖీలేవీ జరగక మంట లేస్తే, ఫైరింజన్ రావడానికి దారేది? మన వీధుల్లో సాయంత్రం ఆరు తర్వాత ఆటోయే తిరగదు. రోడ్డు మీదకి జరిపిన బల్లలు, బస్తాలు, బొమ్మలు ఎవరివి? మనవే. కార్పొరేషన్ వాళ్లు వచ్చి తీయమంటే ధర్నా చేసేదీ మనమే. మీలో కొందరికి ఈ మాట కోపం తెప్పిస్తుందని తెలుసు. అయినా రాయక తప్పదు.

వరద గురించి కూడా రెండు మాటలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మన ఊళ్లోని సింగ్‌నగర్ మీద పడినప్పుడు ఇళ్లలో, షాపుల్లో మనిషి లోతు నీళ్లు నిలిచాయి. అలాంటప్పుడు సరుకు రెండడుగులు ఎత్తులో పెట్టుకున్నా లాభం లేదు, అక్కడ ఇన్సూరెన్సే దిక్కు. దాన్ని నేను కాదనను. ఆ రోజుల్లో చాలామందికి తెలిసొచ్చిన మరో విషయం, బండికి "ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది" అనుకున్నది థర్డ్ పార్టీ మాత్రమేనని. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకి ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి చేశారు. అది మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. నీళ్లలో మునిగిన మన బండికి అందులో ఏమీ రాదు. ఇంజన్లోకి నీళ్లు పోయాక ఆరకముందే సెల్ఫ్ నొక్కి ఇంజన్ పాడు చేసుకున్నవాళ్లు మరికొందరు. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి ఉంటే సర్వీసింగ్ ఖర్చుతో పోయేది.

కానీ ఆ వరదలోనే ఇంకో పక్క కూడా చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. బ్యారేజీ కట్టాక అంత నీరు రావడం అదే మొదటిసారి. అంతకంటే తక్కువ వరదకే మునిగే కృష్ణలంకని ఈసారి నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ చాలావరకు కాపాడింది. ఆ గోడ గొప్ప ఎవరిదన్న గొడవ నాయకులకి వదిలేద్దాం. గోడ ఉన్నచోట జనం వరద నీటిని చూడ్డానికి వచ్చి సెల్ఫీలు తీసుకున్నారు. బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు పడిన వైపు జనం ఆ తర్వాత వారాలపాటు నష్టం లెక్క రాయించుకోవడానికి, పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోవడానికి తిరిగారు. పరిహారం రాలేదని అనడం లేదు, వచ్చింది. మునిగిన కింది అంతస్తు ఇంటికి ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది. ఆ 25 వేలకి ఫ్రిజ్, మంచం, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషను అన్నీ వస్తాయా అన్నది అక్కడివాళ్లనే అడగండి.

మన వీధుల్లోకి కృష్ణ రాకపోయినా, గంట వాన పడితే కాలువ నీళ్లు లోపలికొస్తాయి. ఆ కాలువలో ఏముందో నేను చెప్పక్కర్లేదు. చీరల కవర్లు, థర్మోకోల్, టీ కప్పులు. పొద్దున ఊడ్చి కాలువలోకి తోసింది సాయంత్రం వానకి మన గడప ఎక్కి వస్తుంది. గడప ఆరంగుళాలు ఎత్తు చేసి, షట్టర్ ముందు బిగించుకునే రేకు ఒకటి చేయించుకుని, బస్తాలు చెక్క దిమ్మెల మీద, గోడకి మూరెడు దూరంలో పెట్టుకుంటే చాలా మటుకు గట్టెక్కుతాం. ఆ మూరెడు దూరం గాలి తగలడానికి, పిల్లి తిరగడానికి, మనం లెక్కపెట్టుకోవడానికి కూడా. అద్దెలు చదరపు అడుగు లెక్కన కడుతూ గోడ పక్క మూరెడు వదలమంటే మనసొప్పదు, నాకు తెలుసు. అట్టడుగు వరస బస్తాల్లో బూజు పట్టిన సరుకు ధర ఆ అద్దెలో కలిపి చూడండి.

లారీ ట్రాన్స్‌పోర్ట్ దగ్గర జరిగే నష్టానికి పెన్ను చాలు. సరుకు దిగగానే కుర్రాడు ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మీద సంతకం పెట్టేస్తాడు. మూటలు విప్పేసరికి రెండు తడిసి, ఒకటి చిరిగి ఉంటాయి. "బాగానే అందింది" అని సంతకం పెట్టాక ఎవరిని అడుగుతాం? మూటలు లెక్కపెట్టి, అనుమానం ఉన్నవి తూకం వేసి, లోపం ఉంటే ఆ కాపీ మీదే "రెండు మూటలు తడిసినవి" అని రాసి అప్పుడు సంతకం పెట్టాలి. ఫోన్లో ఫోటో తీసుకోవాలి. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల మీద కోర్టుకి వెళ్లాలంటే, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం చెబుతోంది. కోర్టు దాకా ఎవరూ వెళ్లరనుకోండి. ఆ రాత ఉంటే మాత్రం వచ్చే బిల్లులో తగ్గిస్తారు.

అరువుల మీద ఎక్కువ రాయను, రాస్తే ఇది ఉత్తరం కాదు, ఏడుపవుతుంది. అమ్మిన సరుకు బాకీకి కోర్టులో గడువు మూడేళ్లు. ఆ గడువు దాటకముందే బాకీదారు చేత "ఇంత బాకీ ఉన్న మాట నిజం" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. ప్రతి మార్చిలో బ్యాలెన్స్ కాగితం పంపించి సంతకం తెప్పించుకోండని నేను చెబుతూనే ఉంటాను. "మొహమాటం" అంటారు. ఊరు మారిపోయాక మొహమాటం కూడా వాళ్లతోపాటే వెళ్లిపోతుంది.

కెమెరాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రక్షణ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. ఒక్కో షాపులో ఎనిమిదేసి కెమెరాలున్నాయి. రికార్డింగ్ డబ్బా మాత్రం గల్లా కిందే ఉంటుంది, దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు. చీర పోయిన తర్వాత ఎలా పోయిందో పదిసార్లు చూడటానికి కెమెరా బాగా పనికొస్తుంది. పోకుండా ఉండాలంటే కౌంటర్ మీద చీరల కుప్ప పడకూడదు. కొందరు పాతకాలం సేల్స్‌మెన్ పది చీరలకి మించి విప్పి పెట్టరు. పదకొండోది తీయాలంటే నచ్చని దాన్ని మడిచి వెనక్కి పెట్టాల్సిందే. రద్దీలో కూడా వాళ్ల కౌంటర్లో లెక్క తప్పదు. యూపీఐలో డబ్బు పంపినట్టు ఫోన్లో దొంగ స్క్రీన్ చూపించి పోయేవాళ్లకీ ఇలాంటిదే మందు: సౌండ్‌బాక్స్ పలికాకే సరుకు చేతికివ్వడం, పొద్దున్నే మన క్యూఆర్ మీద ఇంకెవరైనా స్టిక్కర్ అంటించారేమో గోటితో గీకి చూడటం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇక పాలసీ దగ్గరికే వద్దాం, తీసుకునేదేదో సరిగ్గా తీసుకోవాలి కదా. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాల కోసం భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని ఒకే రకం నిబంధనలతో పాలసీ ఉంది. ఒకచోట ఉన్న ఆస్తి, సరుకు విలువ మొత్తం ఐదు కోట్ల లోపుంటే అది సరిపోతుంది. మనవాళ్లు చేసే పని ఏమిటంటే ప్రీమియం తగ్గుతుందని సరుకు విలువ తగ్గించి రాయడం. 40 లక్షల సరుకుని 20 లక్షలని రాయించామనుకోండి. ఆరు లక్షల సరుకు కాలితే ఆరు లక్షలు రావు, సగానికే రాయించారు కాబట్టి సగమే, మూడు లక్షలే అంటారు. సూక్ష్మ పాలసీలో 15 శాతం దాకా తేడాని చూసీచూడనట్టు వదిలేస్తారు, అంతకు మించితే కోత తప్పదు. రెండోది అడ్రసు. పాలసీలో ఏ షాపు నంబరు రాశారో అక్కడి సరుకుకే రక్షణ. పండగకి ముందు సరుకు పెరిగిందని పక్క సందులో తీసుకున్న గోడౌన్ దానిలో ఉండదు. మూడోది బ్యాంకు. సీసీ లిమిట్ (సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు) ఉన్నవాళ్ల పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది, క్లెయిమ్ డబ్బు ముందు అప్పు ఖాతాకే పోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి మొదట అడిగేది స్టాకు రిజిస్టరు. బూడిదైన రిజిస్టరుని ఎవరూ చూపించలేరు కాబట్టి, కొన్న బిల్లులు, అమ్మిన బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకుకిచ్చిన స్టాకు స్టేట్‌మెంటు తీసుకుని ఒకదానితో ఒకటి పోల్చుతారు. బ్యాంకుకి ఎక్కువ స్టాకు, ట్యాక్సు కోసం తక్కువ స్టాకు చూపించే షాపులో ఆ రోజు గుమాస్తా మొహం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పైగా ఆస్తిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్తలు తీసుకోవాలని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. ఇందాక చెప్పిన మీటర్ బోర్డు ఫోటో చూపించి, ఇది తగిన జాగ్రత్తేనా అని వాళ్లడిగితే మన దగ్గర జవాబు లేదు. డబ్బు చివరికి వచ్చినా, షట్టర్ మూసి ఉన్న నెలల్లో పక్క షాపుకి అలవాటుపడిన గిరాకీని ఏ కంపెనీ తెచ్చివ్వదు.

అందుకని నేను కోరేది ఇది. షాపుకింతని వసూలు చేసే డబ్బులో మూడో వంతు ముందుగా పక్కన పెట్టండి. ఆ డబ్బుతో కాంప్లెక్సు తర్వాత కాంప్లెక్సుగా మీటర్ బోర్డులన్నీ అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేత తనిఖీ చేయించి, లోపాల కాగితం షాపు ఓనరుకీ, బిల్డింగ్ ఓనరుకీ, సంఘానికీ తలా ఒకటి ఇప్పించండి. నెల గడువులో బాగుచేయించని షాపుని గ్రూప్ పాలసీలో చేర్చుకోవద్దు. కటువుగా ఉంటుంది కానీ, ఆ ఒక్క షాపు కోసం మిగతావాళ్లందరూ ప్రీమియం కట్టడం ఇంకా అన్యాయం. ఎలుకల పని వీధి మొత్తానికి ఒకే వారంలో పెట్టించండి. వానాకాలానికి ముందు కాలువలు తీయించమని కార్పొరేషన్‌కి వినతిపత్రం ఇస్తూనే, అందులోకి చెత్త తోసే షాపుకి మన సంఘమే జరిమానా వేయాలి. మెట్ల కింద, సిలిండర్ల ముందు సరుకు పెట్టకూడదు. ఫైర్ స్టేషన్ వాళ్లని పిలిపించి, ఏ సందులోంచి వాళ్ల బండి రాగలదో, ఏది రాలేదో వాళ్లచేతే నడిపించి చూపించమనండి. రాలేని సందుల్లో నీళ్ల పైపు ఎక్కడి నుంచి లాగాలో ముందే అనుకోవాలి. కాటాల ముద్ర కోసం తూనికలు కొలతల శాఖని మన దగ్గరే ఒక రోజు క్యాంపు పెట్టమని అడగండి. అందరి కాటాలూ ఒకే రోజు అయిపోతాయి.

అద్దెకున్నవాళ్లు "బిల్డింగ్ ఓనరు చేయించాలి" అంటారు, ఓనర్లు "అద్దెకున్నవాళ్లు వాడుకుని పాడుచేశారు" అంటారు. ఈ తగాదా ప్రతి కాంప్లెక్సులో ఉంది, దీని వల్లే బోర్డులు అలా పడున్నాయి. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఖర్చు పంచగల పెద్దరికం మీకు తప్ప ఇంకెవరికీ లేదు. మీటరు దాకా ఒకరిది, మీటరు తర్వాత మరొకరిదని ఒక పద్ధతి పెట్టేస్తే సగం గొడవ తీరుతుంది.

నా వంతు నేను చేస్తాను. స్టాకు తేడాలు ఎక్కడెక్కడ వస్తున్నాయో, షాపుల పేర్లు లేకుండా, రకాల వారీగా ఒక పట్టిక తయారు చేసి సంఘానికి ఇవ్వగలను. మా గుమాస్తాల్లో ఇంకొందరు కూడా కలుస్తామన్నారు. రోజువారీ తరుగు రాసుకోవడానికి ఒక పేజీ నమూనా తయారుగా ఉంది: తేదీ, సరుకు, ఎంత పోయింది, ఎందుకు పోయింది. ఆ నాలుగో గడి నింపడానికే ఎవరూ ఇష్టపడటం లేదు. "ఎందుకు" అన్నచోట "తరుగు" అని రాసి ఊరుకుంటున్నారు. సంఘం ముద్రతో ఆ పేజీ వెళితే నింపుతారని నా నమ్మకం.

వచ్చే సమావేశంలో ఇన్సూరెన్స్ ఏజెంటుకి మాట్లాడే అవకాశం ఇస్తున్నారని విన్నాను. ఆయన మాట్లాడే ముందు ఎలక్ట్రీషియన్‌కి ఒక పావుగంట ఇవ్వండి. ఏ కాంప్లెక్సు బోర్డు ముందు చూడాలో నేను రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ వీధుల్లో లెక్కలు రాసుకునే ఒక గుమాస్తా,
వన్‌టౌన్, విజయవాడ